మడక దిగని లోతున

హొసూరు, కృష్ణగిరి సీమలో అగ్నిపర్వతం ఉందా అంటే ఎవరైనా లేదనే చెబుతారు. ఇక్కడ ఎటు చూసినా గ్రానైటు గుండ్లే. వేపనపల్లి, మహారాజకడై వైపు రాయి మాత్రం వేరు. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులున్న నల్లరాతి పట్టీ చిత్తూరు జిల్లా బిసానత్తం, చిగురుగుంటల మీదుగా అక్కడిదాకా దిగింది. ఆ రాతిలో చాలా భాగం సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా. ఆ తర్వాత లోతుల్లోంచి వేడినీళ్లు పగుళ్ల వెంట పైకెక్కి బంగారాన్ని, గంధకాన్ని, ఆర్సెనిక్‌ను అందులో వదిలిపెట్టాయి.

ఆ నీళ్లు లేవు, ఆనవాలు మన్నులో ఉంది. రాయి శిథిలమై మన్నయినప్పుడు అందులోని ఆర్సెనిక్‌ను ఎర్రమన్నులోని ఇనుప తుప్పు పట్టి ఉంచుతుంది. బంగారం మరీ కొద్దిగా, అక్కడక్కడ మాత్రమే ఉంటుంది కాబట్టి సులభంగా దొరకదు. ఆర్సెనిక్ దాని జాడ చెబుతుంది. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు గొయ్యి తవ్వకముందే వరసగా మన్ను తీసి పరీక్షిస్తారు.

ఈ పద్ధతి గురించి తెలుసుకున్నాక రెండు సంగతులు నాలో నాటుకుపోయాయి. ఒకటి, వాళ్లు పైమన్ను తీసుకోరు. మడక తిరిగిన మన్నులో మనం వేసిన ఎరువులూ మందులూ ఉంటాయి. అడుగున రాయి ఏమిటో తెలియాలంటే ఆ పొర దాటి కిందికి పోవాలి. రెండు, ఒక్కచోటి అంకెతో ఏదీ తేలదు. చుట్టుపక్కల మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే ఇక్కడున్నది ఎక్కువని అనగలం.

ఇప్పటికీ చల్లారని అగ్నిపర్వతాల దగ్గరా ఇదే పాఠం. కాలిఫోర్నియాలోని మామత్ కొండ కింద 1989లో నెలల తరబడి చిన్న చిన్న భూకంపాలు వచ్చాయి. మరుసటేడు చెట్లు ఎండిపోసాగాయి. కరువనీ పురుగనీ అనుకున్నారు. 1994లో వేళ్ల చుట్టూ మన్నులోని గాలిని కొలిస్తే అసలు సంగతి బయటపడింది. మామూలు అడవి మన్నులో నూటికి ఒక వంతు మించని కార్బన్ డయాక్సైడు అక్కడ 20 వంతులకు పైగా, కొన్నిచోట్ల 90 దాకా ఉంది. అడుగున శిలాద్రవం నుంచి ఎగదన్నిన ఆ వాయువు వేళ్లకు ఊపిరాడనివ్వలేదు.

ఆకును చూసి కారణం చెప్పేయడం మన ఊళ్లలోనూ ఉన్నదే. మామిడి వాడినా, టమోటా పసుపు తిరిగినా కాళ్లు ముందు మందుల అంగడి వైపే పోతాయి. వేరు కింద ఏముందో చూడనిదే తీర్పు చెప్పరాదని నేను నేర్చుకున్నాను. మన రైతులకు నా మనవి ఒక్కటే: మన్ను పరీక్షకు ఇచ్చేటప్పుడు చెట్టు వాడిన చోటిదీ, బాగున్న చోటిదీ వేరువేరుగా ఇవ్వండి. పండ్లతోటైతే పైపొరతోపాటు లోతు మన్నూ తీయండి. బాగున్న చోటి అంకె పక్కన పెట్టి చూస్తేనే వాడిన చోటి లోపం తెలుస్తుంది.