అమ్మ దుద్దులు, ఇరవై ఎనిమిది సెంట్లు

మా విడవలూరులో సెంటు అంటే నేల లెక్క. వంద సెంట్లు ఒక ఎకరం. వజ్రాల కొట్లో కూడా సెంట్లలోనే మాట్లాడతారు. అక్కడ వంద సెంట్లు ఒక క్యారెట్, క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అంటే రాయి సెంటు రెండు మిల్లీగ్రాములన్నమాట. ఈ మాట చెబితే మా నాయన, "ఆ లెక్కన రొయ్యపిల్లే బరువుంటదే" అన్నాడు.

నేను కొనాలనుకున్నది అమ్మకి ఒంటిరాయి దుద్దులు. ఇప్పటి భాషలో సాలిటైర్ స్టడ్స్. అమ్మ పెళ్లినాటి ఏడురాళ్ల రవ్వల దుద్దులు నేను ఇంటర్ చదివేటప్పుడు పోయాయి. ఆ ఏడు చెరువులకి వైట్ స్పాట్ తగిలింది. వారం తిరక్కముందే రెండు చెరువులూ ఖాళీ. మేత కొట్టు బాకీ తీర్చడానికి దుద్దులు నెల్లూరు తీసుకెళ్లాం. కొన్న కొట్టుకే. అక్కడ బంగారం తూచి, తరుగు తీసి, రేటు కట్టారు. రాళ్లకి కాగితం లేదు కాబట్టి పెద్దగా రాదన్నారు. "కొన్నప్పుడు బ్లూ జాగర్ అన్నారే" అని అమ్మ మెల్లగా అడిగింది. కౌంటర్లో ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత పెళ్లిళ్లకు పోయినప్పుడల్లా అమ్మ పైట కొంగు చెవుల మీదికి లాక్కునేది.

చెన్నైలో ఉద్యోగం చేసి నేను పక్కన పెట్టిన డబ్బు లక్షా పాతికవేలు. ఒకటే షరతు పెట్టుకున్నా. డబ్బు ఇచ్చే ప్రతి గుణం కాగితం మీద ఉండాలి.

ఇది అందరికంటే ముందు అర్థమైంది నాయనకే. చెరువు పట్టుబడికి ముందు కొనేవాళ్లొచ్చి విసురు వల వేయిస్తారు, కిలో తూచి లెక్కపెడతారు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. రేటు దాన్ని బట్టే. "కౌంటు చూడకుండా ఎవడన్నా రొయ్యలెత్తుతాడా? రాయి మాత్రం వాడు చెప్పిందే నమ్మాల్నా?" అన్నాడు. రాయికి కౌంటు చెప్పేది జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబుల రిపోర్టు. బరువు, రంగు, లోపలి మచ్చలు, కట్ - నాలుగూ అందులో ఉంటాయి.

ఇందులో డబ్బు పెట్టాల్సింది కట్ మీద. నా మాట కాదు, రెండు రాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. గుండ్రటి రాయికి 57 ముఖాలు సరైన కోణంలో పడితే పైనుంచి దిగిన వెలుతురు మళ్లీ పైకే వస్తుంది. అడుగు మరీ లోతైనా, మరీ పలచనైనా కిందనుంచీ పక్కనుంచీ కారిపోతుంది. లోతైన రాయితో ఇంకో నష్టం కూడా ఉంది: బరువంతా అడుగున దాక్కుంటుంది, దానికీ మనమే డబ్బు కడతాం, పైకి మాత్రం చిన్నగా కనిపిస్తుంది. అందుకే సెంట్లతో పాటు మిల్లీమీటర్లు చూడండి. ముప్పై సెంట్ల గుండ్రటి రాయి దాదాపు 4.3 మిల్లీమీటర్లు ఉండాలి. క్యారెట్ రాయి అయితే 6.5. జీఐఏ రిపోర్టులో గుండ్రటి రాయికి కట్ గ్రేడు విడిగా ఇస్తారు. అక్కడ 'ఎక్సలెంట్' తప్ప నేను ఒప్పుకోలేదు.

మిగతా మూడింటిలో బేరం ఆడుకోవచ్చు. రంగు డి నుంచి జెడ్ దాకా లెక్క. పచ్చ బంగారంలో బిగించాక హెచ్ రంగు రాయి తెల్లగానే ఉంటుంది. వీవీఎస్ అంటూ కొట్లో ఊదరగొడతారు గానీ, వీఎస్2లో ఉన్న మచ్చ పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంలో వెతికితే గానీ దొరకదు. పెళ్లిలో ఎవరూ భూతద్దం పట్టుకుని అమ్మ చెవి దగ్గరికి రారు. ఇక బరువు. ముప్పై, యాభై, వంద సెంట్ల దగ్గర క్యారెట్ రేటే ఒక మెట్టు ఎక్కుతుంది. అందుకే ఇరవై ఎనిమిది సెంట్లవి తీసుకున్నా. 29 కౌంటుకీ 30 కౌంటుకీ పళ్లెంలో తేడా తెలీదు కదా, అట్టాగే.

అమ్మ మాత్రం "బ్లూ జాగర్ ఉండాయా?" అనే అడిగింది. ఈ పేరు దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది. నీలిఛాయ తెలుపు రాళ్లకి పేరుపడిన గని, ఎప్పుడో మూతపడింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల రాళ్లు ప్రపంచమంతా పోయాయి. 140 క్యారెట్ల రీజెంట్ వజ్రం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది, కొల్లూరేమో పులిచింతల నీళ్లలో ఉంది. మనం నెల్లూరులో కూర్చుని ఆఫ్రికా గని పేరు అడుగుతున్నాం. ఆ నీలిఛాయ కావాలంటే రిపోర్టులో 'ఫ్లోరసెన్స్' అనే గడి చూడాలి. అల్ట్రావయొలెట్ వెలుతురులో కొన్ని రాళ్లు నీలంగా మెరుస్తాయి. మరీ ఎక్కువైతే ఒక్కోసారి రాయి పాలు కలిపినట్టు మసకగా ఉంటుంది. ఓ మాదిరిగా ఉంటే హెచ్, ఐ రంగు రాళ్లు ఎండలో ఇంకాస్త తెల్లగా కనిపిస్తాయి. తమాషా ఏంటంటే, అమ్మవాళ్లు ఎక్కువిచ్చి కొన్న ఈ గుణానికి ఇప్పుడు రేటు తగ్గిస్తారు. మేం తీసుకున్నది అట్టాంటి జతే.

కొట్లో అమ్మాయి ల్యాబ్ వజ్రాలు కూడా చూపించింది. అదే డబ్బుకి ఒక్కోటి క్యారెట్! ఇవి నకిలీ కాదు. అదే కార్బన్, అదే గట్టిదనం. గనిలో కాకుండా యంత్రంలో పెరిగాయి, అంతే. 2023 జూన్‌లో మోదీ అమెరికాలో జిల్ బైడెన్‌కి ఇచ్చిన 7.5 క్యారెట్ల రాయి ల్యాబ్‌లో పెరిగిందే. నా వేలికైతే నేను అదే కొంటా. కాకపోతే కొన్నాళ్లుగా వీటి రేటు పడుతూ వస్తోంది, తిరిగి అమ్మితే వచ్చేది బాగా తక్కువ. ఆ మాటకొస్తే గని రాయి అమ్మినా కొన్న ధర రాదు. వజ్రాన్ని బంగారంలా దాచుకునే సొమ్ము అనుకోకండి. అమ్మ రెండూ పెట్టుకు చూసి, "పెద్దవొద్దు మే, తమ్మె సాగిపోద్ది" అని చిన్నవాటినే పట్టుకుంది.

కొట్లో దీపాల కింద గాజుపెంకు కూడా తళుక్కుమంటుంది. రాళ్లని బిగించకముందు విడిగా అడిగి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూశాం. నడుము అంచున లేజర్‌తో చెక్కిన నంబరుని భూతద్దంలో చదివి, ల్యాబు వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే కొట్టి సరిచూశా. జత కాబట్టి రెండు రిపోర్టులు, రెండింటి కొలతలూ దగ్గరదగ్గరగా ఉండాలి. అడుగు మూసిన కట్టడం వద్దన్నా, మూసేస్తే వెనక ఏముందో కనపడదు. హాల్‌మార్క్, ఆరక్షరాల హెచ్‌యూఐడీ బంగారానికే. రాయి గురించి అవి ఏమీ చెప్పవు. బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు విడివిడిగా రాయించా. యాభైఆరు సెంట్లంటే 0.112 గ్రాము, దాన్ని బంగారంలో కలిపి తూచకూడదు. తిరిగిస్తే రాయికి ఎంత శాతం ఇస్తారో కూడా అక్కడే రాయమన్నా. మేనేజరు కొంచెం నసిగాడు. నాయన కుర్చీలోంచి లేవబోయేసరికి రాశాడు. మజూరీ, 3 శాతం జీఎస్టీ అన్నీ కలిపి లక్షా పద్దెనిమిది వేల చిల్లర.

నొక్కుడు శీలలు అమ్మకి నచ్చలేదు, నిద్రలో ఊడిపోతాయని. మర శీలలు చేయించడానికి ఇంకో వారం పట్టింది. ఊళ్లో ఎవరైనా "రవ్వలేనా?" అని అడిగితే అమ్మ చెవి చూపించదు. ఫోన్‌లో నేను పెట్టిచ్చిన రిపోర్టు ఫొటో తీసి చూపిస్తుంది.