గోతిలోకి దించిన పాత గుడ్డలు



యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. యిర్మీయా చెబుతుంటే బారూకు గ్రంథపు చుట్టలో రాశాడు. అది చలికాలం. రాజైన యెహోయాకీము కుంపటి ముందు కూర్చుని, చదివి వినిపించిన భాగాన్నల్లా చాకుతో కోసి నిప్పులో వేశాడు. దేవుడు మళ్ళీ రాయమన్నాడు. రెండో చుట్టలో మొదటిదానికంటే ఎక్కువ మాటలే చేరాయి.

చుట్ట కాలితే మళ్ళీ రాయవచ్చు. రాసిన మనిషినే గోతిలో పడేస్తే?

ఎర్ర సముద్రం ఒడ్డున ఎరిత్రియా అనే చిన్న దేశం ఉంది. అక్కడ దావిత్ ఇసాక్ అనే ఆయన నాటకాలు రాసేవాడు, 'సెతిత్' అనే పత్రిక నడిపేవాడు. 2001లో అధికార పార్టీలోని 15 మంది పెద్దలు అధ్యక్షుణ్ణి విమర్శిస్తూ, రాజ్యాంగాన్ని అమలు చేయమని బహిరంగ లేఖ రాశారు. సెతిత్ దాన్ని అచ్చువేసింది. సెప్టెంబరులో ప్రభుత్వం స్వతంత్ర పత్రికలన్నిటినీ మూసేసింది. 23వ తేదీన దావిత్‌ను పట్టుకుపోయారు. అప్పటికి ఆయన వయసు 36, ముగ్గురు పిల్లల తండ్రి.

బుధవారం ప్రార్థనలో ఈ సంగతి చెప్పినప్పుడు మన సంఘంలో ఒక పెద్దమ్మ అడిగింది: "ఏం శిక్ష వేశారు అయ్యగారూ?"

"శిక్ష లేదమ్మా. విచారణే జరగలేదు."

"మరి ఎప్పుడు వదులుతారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. శిక్ష పడితే రోజులైనా లెక్కపెట్టుకోవచ్చు. 2005 నవంబరులో ఒకసారి వదిలారు. ఇంటివాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడాడు. రెండు రోజులకే మళ్ళీ తీసుకుపోయారు. 2017లో యునెస్కో పత్రికా స్వేచ్ఛ బహుమతి ఆయనకు ఇస్తే, కూతురు వెళ్ళి అందుకుంది.

దేశ భద్రత కోసమే ఆ అరెస్టులని అక్కడి ప్రభుత్వం చెప్పుకుంది. ఈ మాట మనకు కొత్త కాదు. ఇతని మాటల వల్ల సైనికుల చేతులు బలహీనమవుతున్నాయని చెప్పే కదా, అధిపతులు యిర్మీయాను బురద గోతిలోకి దించింది!

అప్పుడు ఆయన్ని కాపాడింది ఎవరు? సొంత జనం కాదు. ఎబెద్మెలెకు అనే కూషీయుడు, పరదేశి. మొదట రాజు దగ్గరికి వెళ్ళి, ఈ మనుషులు చేసింది అన్యాయమని నోరు తెరిచి చెప్పాడు. తర్వాత తాళ్ళతో పాటు పాత చింకిగుడ్డలు కూడా పట్టుకెళ్ళాడు, పైకి లాగేటప్పుడు చంకలు ఒరుసుకోకుండా. ఆ గుడ్డల గురించి చదివిన ప్రతిసారీ నా మనసు కరుగుతుంది. ఖైదీ ఒంటి నొప్పిని కూడా ముందే తలచుకున్నవాడు ఆయన.

మన పల్లెకీ ఎరిత్రియాకీ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. ఎబెద్మెలెకుకు యిర్మీయా చుట్టమా, పక్కమా? బంధకాల్లో ఉన్నవారిని, వారితో కూడా మనమే బంధించబడ్డట్టు తలచుకోమని హెబ్రీ పత్రిక చెబుతోంది. చెరసాలలు కట్టేవాళ్ళు కోరుకునేది లోకం ఆ పేరు మరచిపోవాలనే. కనుక ఈ ఆదివారం పేరు పెట్టి ప్రార్థిద్దాం: దావిత్ ఇసాక్. మన ఊళ్ళోనైనా, నిజం చెప్పినందుకు ఒకరిని నలుగురూ ఒంటరిని చేస్తుంటే, వెళ్ళి ఆ మనిషి పక్కన నిలబడదాం.

ప్రభువు మనకు ఆ ధైర్యం ఇచ్చును గాక. ఆమేన్.