గడియ

"ముందు తోసి చూడండి."

ఫోర్సిబుల్ ఎంట్రీ క్లాసులో, అంటే మూసిన తలుపుల్ని బలవంతంగా తెరవడం నేర్పే క్లాసులో, మాకు చెప్పిన మొదటి పాఠం ఇదే. అమెరికాలో చాలా ఊళ్ళలోలాగే న్యూజెర్సీలో మా ఊరి ఫైర్ కంపెనీ కూడా వాలంటీర్లతోనే నడుస్తుంది. పగలంతా కోడ్ రాసుకునే నేను వారానికి రెండు సాయంత్రాలు అక్కడికి వెళ్ళేదాన్ని. ఆ రోజు గొడ్డళ్ళూ ఇనుప కడ్డీలూ పట్టుకుని ఒక స్టీల్ తలుపు ముందు యుద్ధానికొచ్చినట్టు నిలబడ్డాం. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి పిడి తిప్పి తోశాడు. తెరుచుకుంది. అసలు తాళమే వెయ్యలేదు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

తలుపులతో నాకో పాత బాకీ ఉంది.

అంతకు రెండేళ్ళ ముందు ఒక ఆదివారం గుంటూరుకి వీడియో కాల్ చేశాను. అమ్మ "ఉండు, ఇప్పుడే వస్తా" అని బాత్రూంలోకి వెళ్ళింది. కాసేపటికి ధబ్బుమని చప్పుడు. నాన్న ఫోను బల్ల మీద పడేసి పరిగెత్తాడు. ఆ తర్వాత నాకు కనిపించింది తిరుగుతున్న ఫ్యాను ఒక్కటే. మిగతాదంతా విన్నాను. లోపల గడియ పెట్టుంది. నాన్న భుజంతో గుద్దాడు. వాచ్‌మన్ వచ్చాడు. పక్క ఫ్లాటు కుర్రాడొచ్చి తన్నాడు. "ఇంకా గట్టిగా కొట్టండి!" అని నేను ఇక్కణ్ణుంచి అరుస్తున్నాను. చివరికి ఎదురుగా కడుతున్న బిల్డింగ్ నుంచి ఎవరో గునపం తెచ్చారు. తలుపు తెరిచేసరికి 40 నిమిషాలైంది. పక్షవాతం అన్నారు. అమ్మ బతికింది. కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ చెప్పిన మాట వినదు.

ఫైర్ కంపెనీలో ఎందుకు చేరావని అడిగితే నేను ఇదంతా చెప్పను. సేవ అంటాను.

క్లాసులో నా చేతికిచ్చిన పనిముట్టు పేరు హాలిగన్. దాదాపు 30 అంగుళాల ఉక్కు కడ్డీ, నాలుగు కిలోల పైనే ఉంటుంది. ఒక కొసన రెండు పళ్ళ ఫోర్కు. రెండో కొసన బాడిశలాంటి వెడల్పాటి అంచు, దాని పక్కనే కొమ్ములాంటి మొన. న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పెద్ద అధికారి అయిన హ్యూ హాలిగన్ 1948లో దీన్ని తయారుచేయించాడు. తమ అధికారి దగ్గరే సరుకు కొంటే బాగుండదని సొంత డిపార్ట్‌మెంట్ మొదట్లో కొనలేదు. బోస్టన్ వాళ్ళు కొన్నారు. న్యూయార్క్ ఫైర్‌మెన్ కొందరు తమ జేబులో డబ్బులతో కొనుక్కున్నారు.

దీనికి ముత్తాతలాంటి పనిముట్టు ఇంకోటుంది, క్లా టూల్ అని. దాని గురించి ఫైర్ స్టేషన్లలో చెప్పుకునే కథ నాకు చాలా ఇష్టం. దొంగలు ఒక బ్యాంకుకి కన్నం వేసి, ఆనవాళ్ళు దొరక్కుండా నిప్పు పెట్టి పోయారట. బూడిదలో ఒక వింత కడ్డీ దొరికిందట. దొంగలకి పనికొచ్చింది మనకెందుకు పనికిరాదని ఫైర్‌మెన్ దాన్ని తీసుకున్నారట. దొంగకీ కాపాడటానికి వచ్చినవాడికీ తలుపు ఒకేలా అడ్డం పడుతుంది. దానికి తేడా తెలీదు.

పెద్ద బలం లేని మనిషిని కదా, నా వల్ల కాదేమోనని భయపడ్డాను. కానీ ఈ పనిలో కండ కంటే కన్ను ముఖ్యం. తలుపు ఎటు తెరుచుకుంటుంది? మడత బందులు ఎటువైపున్నాయి? తాళాలెన్ని, ఎంత ఎత్తులో? ద్వారబంధం చెక్కా, ఇనుమా? ఇవన్నీ చూశాకే చెయ్యెత్తాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే తాళానికి కాస్త పైనో కిందో బాడిశ అంచు దూర్చి సందు చెయ్యాలి. ఆ సందులో ఫోర్కు పెట్టాలి. వెనక ఇంకొకరు గొడ్డలి మడమతో దాని మీద కొడతారు. హాలిగన్ పట్టుకున్న మనిషి "కొట్టు" అంటేనే ఒక్క దెబ్బ. "ఆగు" అంటే ఆగాలి. ఫోర్కు ద్వారబంధం అవతలి అంచు దాటాక కడ్డీని తలుపు వైపుకి నెట్టాలి. మా ప్రాక్టీసు తలుపులో తాళం బదులు చెక్కముక్క పెడతారు. నేను నెట్టినప్పుడు అది ఫట్‌మని విరిగింది. నా బరువు 54 కిలోలు.

తెరిచాక తలుపుని వదిలెయ్యకూడదు. గాలి లోపలికి పోయి మంట ఒక్కసారిగా లేస్తుంది. పట్టుకునే ఉండి, ముందు తలుపు వెనక తడమాలి. బయటపడాలని తలుపుదాకా వచ్చినవాళ్ళు అక్కడే పడిపోయి ఉంటారు.

ఆ మాట విన్న రాత్రి పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా చాలాసేపు కూర్చున్నాను. అమ్మ పడింది తలుపు వెనకే. గడియ ఉన్నది పైన. వాళ్ళు తన్నింది కింద. ఆ గడియని పట్టుకున్నవి నాలుగు చిన్న స్క్రూలు. దాని పక్కన సందు చేసి, నెమ్మదిగా నెడితే సరిపోయేది. నేనేమో గట్టిగా కొట్టమని అరిచాను. ఇంకాస్త గట్టిగా కొట్టి ఉంటే తలుపు అమ్మ మీదే పడేది.

మాన్‌హాటన్‌లో ఒక పాత పదంతస్తుల బిల్డింగ్ ఉంది. ఇప్పుడది న్యూయార్క్ యూనివర్సిటీది. 1911 మార్చి 25న దాని పై మూడు అంతస్తుల్లో ఉన్న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చచ్చిపోయారు. ఎక్కువమంది వలసవచ్చిన ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో మెట్లవైపు తలుపుకి తాళం వేసి ఉంది. పనివాళ్ళు బట్టలు దొంగిలించకుండా, అందరూ ఒకే దారిన సంచులు చూపించి వెళ్ళాలని యజమానులు చేసిన ఏర్పాటు. ఫైర్ ఇంజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. దొంగని దృష్టిలో పెట్టుకుని తలుపు కట్టేవాళ్ళకి నిప్పు గుర్తుకురాదు.

మా ఇల్లు మాత్రం? కిందటి సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు మొదటిసారి మా ఫ్లాటుని ఫైర్‌మెన్ కళ్ళతో చూశాను. టేకు తలుపుకి మూడు గడియలు. దాని ముందు ఇనుప గ్రిల్ గేటు, దానికి లోపలి నుంచి తాళంకప్ప. తాళంచెవి దేవుడి గదిలో. బాల్కనీ నిండా బిగించేసిన గ్రిల్. "నిప్పంటుకుంటే ఎటు నుంచి వస్తారు నాన్నా?" అన్నాను.

"దొంగలొస్తేనో?" అన్నాడు నాన్న.

రెండు రోజులు వాదించుకున్నాం. తాళంచెవి గేటు పక్కనే కొక్కేనికి, చెయ్యి చాపితే దొంగకి అందనంత దూరంలో వేలాడదీయడానికి ఒప్పుకున్నాడు. ఇంకోటి పక్క ఫ్లాటులో ఇచ్చాం. బాల్కనీ గ్రిల్‌లో ఒక పలక తెరుచుకునేలా వెల్డింగ్ చేయించాం. బాత్రూం దగ్గరే పేచీ వచ్చింది.

"గడియ పెట్టుకోవద్దమ్మా" అన్నాను.

"గడియ లేకుండా స్నానం ఎట్టా చేస్తారే? నీకేమన్నా మతిపోయిందా?"

అదీ నిజమే. వడ్రంగిని పిలిచి తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను. పాత గడియ పీకించి, బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పితే తెరుచుకునేది పెట్టించాను. పూట పని. ఆ పూట పనికి ఇన్నేళ్ళు పట్టింది.

వడ్రంగి వెళ్ళాక అమ్మ లోపలికెళ్ళి ఎడమచేత్తో గడియ పెట్టుకుంది. నాన్న నావైపు చూసి, జేబులోంచి రూపాయి తీసి గాడిలో పెట్టి తిప్పాడు. తలుపు ఇంత తెరుచుకుంది.

"ఏవండీ!" అని లోపలి నుంచి ఒక్క అరుపు. "మూసెయ్యండి ముందు!"

నాన్న మూసేశాడు. రూపాయి జేబులో పెట్టుకోబోయి, ఆగి, ద్వారబంధం మీద పెట్టాడు.