అన్న పడిన సంగతి ఏ కాగితంలోనూ లేదు

పోస్టు కొంచెం పొడుగుంది. పోస్టల్ జీడీఎస్‌కు అప్లై చేసినోళ్ళు, చేయాలనుకునేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మేము అంటే ముగ్గురం. కర్నూలు జిల్లా పడమటి పక్క ఒకే తాండా పిల్లలం. ఇప్పుడు కర్నూల్లో ఒకే హాస్టల్ రూములో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా మూడిళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. వానలు లేని ఏడాది మా అమ్మానాయనలు గుంటూరు పక్క మిరపకాయలు కోయను పోతారు. మా తాండాలో సర్కారు జీతం తీసుకున్న మొదటి మనిషి ఒక అన్న. మా ముగ్గురికీ ఏదో ఒక వరసలో అన్నే అవుతాడు.

అన్నకు పదో తరగతి మార్కుల మీద జీడీఎస్ వచ్చింది. ఏబీపీఎం అంటారు, అసిస్టెంట్ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్. పేరు పెద్దదే గానీ పని మాత్రం టపా సంచి మోసుకొచ్చి ఇంటింటికీ ఇవ్వడం. కడప జిల్లాలో ఖాళీ కనపడితే అక్కడికే పెట్టుకున్నాడు. ఉద్యోగం చేసే చోటే కాపురం ఉండాలనే షరతు ఉంది కాబట్టి ఆ ఊర్లోనే గది తీసుకున్నాడు. మొదటి జీతంతో తాండాకు వచ్చినప్పుడు మా పెద్దమ్మ, అంటే అన్న వాళ్ళమ్మ, అందరికీ బెల్లం పంచింది.

2024 మే నెలలో అన్న బండి మీద నుంచి పడినాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. వెనక సంచి, ముందర పార్సిళ్ళు. కంకర తేలిన దారిలో కుక్క తరిమింది. బండి జారి చెయ్యి కింద పడింది. లేచి టవల్ చుట్టుకుని మిగిలిన రిజిస్టర్ పోస్టులు కూడా ఇచ్చేసి, సాయంత్రం ఆసుపత్రికి పోయినాడు. మణికట్టు విరిగింది. కట్టుకూ మందులకూ అయిన డబ్బు మొత్తం సొంతానిదే. ఆఫీసులో చెప్పలేదు. "బండి అంత స్పీడుగా ఎందుకు తోలినావ్ అంటారు రా" అన్నాడు. లీవ్ పెడితే బదులు మనిషిని వెతుక్కోవాలి. తెలియని ఊర్లో ఎవరిని వెతుకుతాడు? నాలుగో రోజు ఒక చేత్తోనే బండి తీసినాడు.

పెద్దమ్మ ఆ మాట విని ఒకటే అడిగింది. "మా ఉపాధి పని కాడ నీడకు టెంటు ఉంటాది, నీళ్ళుంటాయి, మందుల పెట్టె ఉంటాది. సర్కారు నౌకరీకి అవి ఉండవా?"

మాకు జవాబు తెలీలేదు. పెద్దమ్మ చెప్పింది నిజమే. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పని చోట తాగునీళ్ళు, నీడ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలని రాసినారు. అన్నిచోట్లా సరిగ్గా ఇస్తారని కాదు, కానీ ఇవ్వకపోతే అడగడానికి ఒక రాత ఉంది. అన్నది తిరిగే పని. ఆయన పని చోటంటే దారే. దారికి టెంటు ఎవరు వేస్తారు?

అప్పటినుంచి మేము జీడీఎస్ గురించి దొరికిందంతా చదివినాం. నోటిఫికేషన్‌లో మార్కులతో పాటు ఇంకొన్ని షరతులు కూడా ఉంటాయి. సైకిల్ తొక్కడం రావాలి, బండి వచ్చినా సరే. ఇంకోటి, బతకడానికి వేరే ఆధారం ఉండాలి. అంటే ఇది పూర్తి ఉద్యోగం కాదని ముందే చెప్తున్నారు. లెక్క ప్రకారం రోజుకు నాలుగు గంటలు లేదా ఐదు గంటలు. మా తాండాలో వేరే ఆధారం అంటే మిరపకాయల కూలి. అది చేస్తూ ఈ నౌకరీ చేయడం కుదరదు.

అసలు కష్టం ఈ లెక్కలోనే ఉందని మాకు అనిపించింది. టపా బరువు, ఇళ్ళ సంఖ్య, దూరం చూసి గంటలు కడతారు. ఎండ ఎంతుందో, కుక్కలు ఎన్నున్నాయో, సిగ్నల్ కోసం మెషీన్ పట్టుకుని ఏ గుట్ట ఎక్కాలో గంటల్లోకి రావు. పాతకాలంలో టపా మోసే రన్నర్లకు అడవి జంతువుల భయానికి గజ్జెలు కట్టిన ఈటె అయినా ఇచ్చేవాళ్ళు. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసినోళ్ళు. వాళ్ళు కూడా గుంపుగానే పోయేవాళ్ళు, ఒంటరిగా కాదు.

ఆగస్టులో ఒక ఆదివారం అన్న యూనియన్ మీటింగుకు పోతూ మమ్మల్ని తోడు రమ్మన్నాడు. ఇంగ్లీషు సర్క్యులర్లు చదివి పెట్టడానికని చెప్పినాడు గానీ, అసలు సంగతి భయం. 2023 డిసెంబర్ 12న జీడీఎస్ యూనియన్లు దేశమంతా సమ్మెకు పిలిచినప్పుడు అన్న పోలేదు. కొత్త ఉద్యోగం, పేరు పడుతుందని వెనకాడినాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలని ఆయన బాధ. మేము నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కడపకు దిగినాం.

ముప్పై మంది దాకా ఉన్నారు. అన్నను ఎవరూ ఏమీ అనలేదు. "కూర్చో నాయనా, టీ తాగు" అన్నారు. తల నెరిసిన ఒక సారు పాత సంగతులు చెప్పినాడు. ఒకప్పుడు వీళ్ళను ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవాళ్ళంట. 1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో వీళ్ళవి కూడా సివిల్ పోస్టులే, విచారణ లేకుండా తీసేయడానికి కుదరదు అని చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగులతో సమానం కాలేదు. కమలేష్ చంద్ర కమిటీ 2016 నవంబరులో రిపోర్టు ఇచ్చింది. అమలు కాలేదు. 2018 మే 22న సమ్మెకు దిగినారు. 16 రోజులు. జూన్ 6న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. నెలకు 2,295 రూపాయల బేసిక్ ఉన్నోళ్ళకు 10,000 అయ్యింది. ఆ లెక్క చెప్పేటప్పుడు సారు గొంతు మారింది. అన్న మా పక్కకు తిరిగి, "నేను తీసుకునే జీతం వీళ్ళు ఎండలో కూర్చుని తెచ్చింది రా" అన్నాడు.

2023 డిమాండ్లలో ఎనిమిది గంటల పని, పెన్షన్‌తో పాటు కుటుంబానికి వైద్యం, గ్రూప్ ఇన్సూరెన్స్ పెంపు కూడా ఉన్నాయి. కానీ ఆ రోజు మేము ఒకటి గమనించినాం. మీటింగులో మాట్లాడింది జీతం, ట్రాన్స్‌ఫర్లు, టార్గెట్లు. దెబ్బల మాట వచ్చింది టీ కాడ మాత్రమే. ఒకాయన వానాకాలంలో కాలికి చుట్టుకున్న పాము గురించి చెప్పినాడు. ఒక బీపీఎం అక్క, సబ్ ఆఫీసు నుంచి పింఛన్ల డబ్బు ఒక్కతే తెచ్చుకునే రోజు గుండె ఎట్ల కొట్టుకుంటుందో చెప్పింది. అందరూ నవ్వుతూనే చెప్పినారు. అప్పుడు అన్న తన చెయ్యి చూపించినాడు.

సారు అడిగినాడు: "పడిన పొద్దు కాగితం రాసి ఇచ్చినావా?"

"లేదు సార్."

"ఆసుపత్రి చీటీ?"

"యాడో పోయింది సార్."

"అయితే ఆఫీసు లెక్కలో నువ్వు పడలేదప్పా. నీ చెయ్యి బాగుందనే లెక్క."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బీపీఎం అక్క అనింది, "మన యూనియన్ పుస్తకంలో మాత్రం రాసుకున్నామా సార్? మనమూ రాసుకోలేదు కదా." సారు దానికి కోపం చేసుకోలేదు. సంచిలో నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, మొదటి పేజీలో అన్న పడిన తేదీ, టైము, దారి రాయించినాడు. రెండోది పాము, మూడోది కుక్క. సాయంత్రానికి పదకొండు అయ్యాయి.

ఇది మన ఒక్క దేశం గొడవ కాదు. అమెరికాలో లెటర్ క్యారియర్ల యూనియన్ 1889లోనే పుట్టింది. అయినా 2023 జూన్‌లో డల్లాస్‌లో ఒక లెటర్ క్యారియర్ విపరీతమైన ఎండలో టపా ఇస్తూ ఇస్తూ కూలి చనిపోయినాడు. అక్కడ యూనియన్ ఊరుకోలేదు కాబట్టి ఆ చావు గురించి ప్రపంచానికి తెలిసింది. మన కర్నూలు, కడప ఎండ గురించి మీకు మేము చెప్పాల్సిన పని లేదు.

అన్నకు ఖర్చయిన డబ్బు రాలేదు. వచ్చిందని అబద్ధం చెప్పం. మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. కానీ ఈ ఏడాది మేలో అన్న తలకు తడిగుడ్డ, రెండు నీళ్ళ బాటిళ్ళు పెట్టుకుని పొద్దున్నే బీటుకు దిగినాడు. కుక్క మళ్ళీ వెంటపడితే ఆ సాయంత్రమే కాగితం రాసి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకున్నాడు. ఆ ఫోటో మాకు పంపినాడు. ఆయన పంపిన సెల్ఫీల కంటే ఆ ఫోటో మాకు బాగా నచ్చింది.

మా ముగ్గురిలో ఇద్దరం వచ్చే నోటిఫికేషన్‌కు అప్లై చేస్తున్నాం. వద్దని ఎవరికీ చెప్పం. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, మన ఎస్టీ రిజర్వేషన్ ఉంది. మన ఇళ్ళకు ఇది చిన్న ఉద్యోగం కాదు. కానీ చేరేవాళ్ళు ఈ నాలుగు గుర్తు పెట్టుకోండి.

ఒకటి, చిన్న దెబ్బ అయినా అదే రోజు రాసి ఇవ్వండి, కాపీ మీ దగ్గర పెట్టుకోండి. రెండు, కుక్క కరిస్తే ముందు సబ్బు పెట్టి నీళ్ళ ధార కింద బాగా కడగండి, వెంటనే సర్కారు ఆసుపత్రిలో సూది వేయించుకోండి, చీటీ దాచండి. మూడు, చేరిన మొదటి నెలలోనే మీకు బదులు పని చేయగల మనిషిని చూసి పెట్టుకోండి. నాలుగు, యూనియన్‌లో చేరండి, చేరి ఊరుకోకుండా టీ కాడ చెప్పే మాటలు మీటింగులో చెప్పండి.

తాండాకు పోయినప్పుడు పెద్దమ్మ మళ్ళీ అడిగింది, టెంటు వచ్చిందా అని. "ఇంకా రాలేదు పెద్దమ్మా, పుస్తకం అయితే వచ్చింది" అన్నాం. ఆమెకు చదువు రాదు. "పుస్తకంలో ఏం రాస్తారు?" అనింది. "పడినోళ్ళ పేర్లు" అన్నాం. కాసేపు ఆలోచించి, "అయితే నా కొడుకు పేరు మొదట ఉండాదా?" అనింది.

ఉంది అని చెప్పినాం.

ఈ గ్రూపులో టపా పని చేసే అన్నలు, అక్కలు ఉంటే మీకు జరిగింది కింద రాయండి. ఆఫీసు పేరు వద్దు. తేదీ, టైము, ఏమైంది, ఇంతే చాలు. వచ్చే మీటింగుకు అన్నతో పంపిస్తాం.