ఆండలూసియాలో ఒక పూట

మిల్లెడ్జ్‌విల్ వెళ్తున్నామంటే కమ్మింగ్‌లో మా తెలుగువాళ్ళంతా “అక్కడేముంది?” అన్నారు. నిజమే, చూడ్డానికి అక్కడ జలపాతమూ లేదు, ఔట్‌లెట్ మాలూ లేదు. 1868 దాకా జార్జియా రాష్ట్రానికి రాజధానిగా వెలిగి, ఆ హోదా అట్లాంటాకి పోయాక నెమ్మదించిన ఊరు. అట్లాంటా నుంచి కారులో సుమారు రెండు గంటలు. ఊరి శివార్లలో 441 హైవే పక్కన దుకాణాల సందడి దాటాక చెట్ల మధ్యకి ఒక దారి మళ్ళుతుంది. ఆ దారి చివర ఎర్ర రేకుల కప్పుతో రెండంతస్తుల తెల్లటి ఇల్లు. ముందు జాలీ కొట్టిన వరండా, అందులో వరసగా ఊగే కుర్చీలు. చుట్టూ 544 ఎకరాలు, ఒకప్పటి పాడి కమతం. పేరు ఆండలూసియా.

ఫ్లానరీ ఓకానర్ అనే రచయిత్రి 1951 నుంచి ఈ ఇంట్లో ఉంది. 1964 ఆగస్టు 3న, 39వ ఏట చనిపోయింది. రెండు నవలలు, ముప్ఫై పైచిలుకు కథలు. పోయిన ఎనిమిదేళ్ళకి ఆమె కథల సంపుటికి నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు. కరుడుగట్టిన కేథలిక్కు. ఆమెకి లూపస్. నాకూ లూపస్. ఆమె కథలు నాకు సగమే అర్థమవుతాయి, ఉత్తరాలు మాత్రం పూర్తిగా అర్థమవుతాయి. అందుకే వెళ్ళాను.

వెంట మా అత్తయ్య ఉంది. గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. కూగ్లర్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ గుంటూరులో నిలబెట్టిన లూథరన్ మిషన్ ఆసుపత్రి అది. ఆ ఆసుపత్రి గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే ఈ వయసులోనూ లేచి నిలబడి వాదిస్తుంది.

మాకు ఇల్లు చూపించింది ఒక కాలేజీ అమ్మాయి. ఈ స్థలం 2017లో జార్జియా కాలేజీ చేతికి వచ్చింది. ఓకానర్ చదివింది కూడా ఆ కాలేజీలోనే.

వరండా దాటి లోపలికి అడుగు పెట్టగానే ఎడమ వైపు గది. నిజానికి అది వచ్చినవాళ్ళు కూర్చునే ముందుగది. మేడమెట్లు ఎక్కలేని కూతురి కోసం తల్లి రెజీనా దాన్ని పడకగదిగా మార్చేసింది. ఇరుకు మంచం, పుస్తకాల అరలు. బట్టల బీరువాకి ఆనించి అల్యూమినియం ఊతకర్రలు రెండు. రాతబల్ల మాత్రం చాలాసేపు చూశాను. పొడుగాటి కిటికీలున్న గది, బయట పచ్చటి మైదానం. అయినా బల్ల కిటికీ వైపు లేదు. బీరువా వీపు వైపు తిప్పి వేసి ఉంది. రాసేటప్పుడు ఎదురుగా చెక్క తప్ప మరేమీ కనబడకుండా అలా పెట్టుకుందట.

“కళ్ళకి వెలుతురు పడకూడదనేమో?” అంది అత్తయ్య.

అదీ కావచ్చనిపించింది నాకు. లూపస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఎండ పడదు. చెంపల మీద ఎర్రటి దద్దు లేస్తుంది, ఒక్కోసారి జ్వరమూ కీళ్ళనొప్పులూ తిరగబెడతాయి. నేనూ అంచు వెడల్పు టోపీ పెట్టుకుని, చేతులకి క్రీము పూసుకునే కారు దిగాను. కానీ గైడు పిల్ల చెప్పింది వేరు: ధ్యాస చెదరకుండా ఉండడానికట. ఉదయం ఊళ్ళో సేక్రెడ్ హార్ట్ చర్చిలో పూజకి తల్లితో వెళ్ళి వచ్చాక, మధ్యాహ్నం దాకా మూడు గంటలు ఆ బల్ల దగ్గర. రాత పడినా పడకపోయినా కూర్చోవాల్సిందే. మిగతా రోజంతా విశ్రాంతి, ఉత్తరాలు, పక్షులు. రాత్రి పడుకునే ముందు కాసేపు మధ్యయుగపు వేదాంతి తోమా అక్వినాసు రాతలు. రోజుకి ఎంత ఓపిక ఉంటుందో లెక్క కట్టి, అందులో మంచి భాగాన్ని రాతకి పక్కన పెట్టేసింది.

లూపస్ ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడుతుంది. కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు, గుండె పొర, ఏదైనా దాని బారిన పడొచ్చు. రోగుల్లో పదింట తొమ్మిదిమంది ఆడవాళ్ళు, ఎక్కువమందికి పెళ్ళీ కాన్పులూ జరిగే వయసులోనే బయటపడుతుంది. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకునే జబ్బు. నాకు మొదట్లో వేళ్ళు పట్టేస్తే వాతం అన్నారు, వేడి చేసిందన్నారు, పెళ్ళయితే పోతుందన్నారు. మూత్రంలో ప్రోటీను పోతోందని తేలాక గానీ అసలు పేరు బయటికి రాలేదు.

ఓకానర్‌కి ఆ పేరు తెలిసిన తీరు మరీ విచిత్రం. 1950 డిసెంబరులో, క్రిస్మస్‌కి రైల్లో ఇంటికొస్తూ జబ్బుపడింది. అప్పటికి 25 ఏళ్ళు. మొదట కీళ్ళవాతమనుకున్నారు. తర్వాత అట్లాంటా డాక్టరు లూపస్ అని తేల్చాడు. అది ఆ ఇంటికి కొత్త పేరు కాదు. ఆమె తండ్రి 1941లో పోయింది దానితోనే. అందుకే తల్లి కూతురికి చెప్పలేదు, కీళ్ళవాతమనే నమ్మనిచ్చింది. 1952 వేసవిలో స్నేహితురాలు శాలీ ఫిట్జ్‌జెరాల్డ్ ఉండబట్టలేక నిజం చెప్పేదాకా ఫ్లానరీకి తన జబ్బేమిటో తెలియదు.

“నేనైనా చెప్పేదాన్ని కాదు,” అంది అత్తయ్య.

“నాకైతే చెప్పకపోతే కోపం వస్తుంది,” అన్నాను.

“వస్తే వచ్చింది. మొగుణ్ణి మింగిన జబ్బు కూతురికీ వచ్చిందని ఏ నోటితో చెప్పుద్ది అమ్మాయ్?”

నేనింకేమీ అనలేదు. కానీ మా వైపు ఇలాంటి సంగతులు దాచేది ప్రేమతోనే కాదు, సంబంధాలు తప్పిపోతాయనీ దాస్తారు. ఆ దాపరికానికి మందులు మానేసిన ఆడపిల్లలు నాకు తెలుసు. అత్తవారింట్లో మాత్రల పట్టీ కనబడకూడదు గదా.

వంటింట్లో పాత హాట్‌పాయింట్ ఫ్రిజ్ ఉంది. దాని వెనక ఒక కథుంది. 1957లో ఓకానర్ కథ ఒకటి టీవీ నాటకంగా వచ్చింది, జీన్ కెల్లీ వేశాడు. కథ చివరను తలకిందులు చేసి సుఖాంతం అంటించారు, ఆమెకి ఒళ్ళు మండింది. అయితే ఆ డబ్బుతో తల్లికి ఈ ఫ్రిజ్ కొనిపెట్టింది. ఆ మాట వినగానే అత్తయ్య ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి వేసి నిలబడింది. జబ్బుపడ్డ కూతుర్ని చూసుకుంటూ, పాలేర్లనీ గొడ్లనీ పాల లెక్కల్నీ ఒంటిచేత్తో నడిపిన రెజీనా మీదే ఆమె మనసంతా. గైడు పిల్ల కథల గురించి చెప్పినప్పుడల్లా “మరి వాళ్ళమ్మ?” అని అడిగింది. రోగి గురించి రాసేవాళ్ళకి సాధారణంగా తట్టని ప్రశ్నే.

ఇంజెక్షన్ల సంగతి వచ్చినప్పుడు మాత్రం అత్తయ్య నర్సయిపోయింది. ఆ రోజుల్లో లూపస్‌కి ఉన్న ఆశ ఏసీటీహెచ్. పందుల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసే హార్మోను, ఒంట్లో కార్టిసోన్ ఊరేలా చేస్తుంది. అంతకు కాస్త ముందే, 1948లో, మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్‌ని మొదటిసారి కీళ్ళవాతం రోగికి ఇచ్చాడు. 1950లో ఆ పనికి నోబెల్ వచ్చింది, అదే ఏడాది చివర్లో ఓకానర్ పడిపోయింది. తండ్రికి లేని మందు కూతురి వేళకి అందింది. ఆమె సూది తనే వేసుకునేది, ఉప్పు లేని తిండి తినేది. జుట్టు ఊడింది, ముఖం ఉబ్బింది. 1955 నుంచి తుంటి ఎముకలు దెబ్బతిని ఊతకర్రలొచ్చాయి. స్టెరాయిడ్ ముఖం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరెళ్ళినప్పుడు “అమెరికా తిండి బాగా ఒంటికి పట్టిందే!” అని చుట్టాలు మెచ్చుకున్న ముఖం అదే.

ఇక లూర్దు. 1958, ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత దర్శనాలకి నూరేళ్ళు నిండిన ఏడాది. సవాన్నాలో ఉండే ముసలి బంధువు కేటీ సెమ్స్ డబ్బులిచ్చి, ఫ్లానరీ అక్కడికి వెళ్ళి, రోగాలు నయం చేస్తాయని నమ్మే ఆ ఊటనీళ్ళలో మునిగి రావాల్సిందేనని పట్టుబట్టింది. ఫ్లానరీకి బొత్తిగా ఇష్టం లేదు. మొహమాటానికి వెళ్ళింది, రోగులందరూ మునిగే తొట్టిలో తనూ మునిగింది. తర్వాత ఒక ఉత్తరంలో రాసుకుంది: అక్కడ తాను ప్రార్థన చేసింది ఎముకల కోసం కాదు, అప్పుడు రాస్తున్న నవల కోసమని. ఆ నవల మరుసటి ఏడాది మొదట్లో పూర్తయింది, 1960లో అచ్చయింది. చిత్రమేమిటంటే, లూర్దు నుంచి వచ్చిన కొన్ని నెలలకి తుంటి ఎముక కాస్త గట్టిపడిందన్నాడు డాక్టరు, ఇంట్లో కర్రలు లేకుండా నడవనిచ్చాడు. కేటీ సంతోషించింది. ఆ మెరుగు ఎక్కువ కాలం నిలవలేదు.

గుణదల కొండ చూసినవాళ్ళకి లూర్దు కొత్తగా అనిపించదు. విజయవాడలో ఉన్నది ఆ లూర్దుమాతే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళకి తలనీలాలిచ్చేవాళ్ళూ కొబ్బరికాయలు కొట్టేవాళ్ళూ హిందువులా క్రైస్తవులా అని ఎవరూ అడగరు. మేం లూథరన్లం, మాకు ఆ మొక్కులు లేవు. మాకున్నవి స్వస్థత కూటాలు. నన్నూ తీసుకెళ్ళారు. నూనె రాశారు, తలమీద చేతులుంచారు, నా కోసం ఏడ్చారు. ఆ ఏడుపులో కల్తీ లేదు, ఇప్పటికీ దాన్ని తక్కువ చెయ్యను. తర్వాత వచ్చే ప్రశ్నతోనే నా పేచీ: “సాక్ష్యం ఎప్పుడు చెప్తావమ్మా?” తగ్గినవాళ్ళకి మైకు ఇస్తారు. తగ్గనివాళ్ళకి విశ్వాసం చాలలేదని మెల్లగా అర్థమయ్యేలా చేస్తారు. మా దూరపు బంధువుల్లో ఒకామె సాక్ష్యం చెప్పిన ఊపులో స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపేసింది. బయటినుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్ళూ ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆమె ఐసీయూ నుంచి బతికి బయటపడింది. దాన్నీ సాక్ష్యంగానే చెప్పించారు.

“మా ఆసుపత్రిలో ప్రార్థన చేసి మందు వేసేవాళ్ళం,” అంది అత్తయ్య. “ప్రార్థన చేశాం గదా, మందు మానెయ్యమని మా డాక్టరమ్మలు ఒక్కరూ అనలేదు.”

బైబిల్లో పౌలు మూడుసార్లు వేడుకున్నా దేవుడు తీసివెయ్యని ముల్లు గురించి మా చర్చిల్లో ప్రసంగాలు బాగానే వస్తాయి. ఆ ముల్లుతోనే ప్రతి ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చునే మనిషికి మాత్రం ఏం చెప్పాలో ఎవరికీ తోచదు. ఓకానర్ విశ్వాసం నాకు పనికొచ్చేది ఇక్కడే. జబ్బు నయమవడాన్ని ఆమె దేవుడికి పరీక్షగా పెట్టలేదు. అయోవాలో చదువుకునే రోజుల్లో, జబ్బు ఊసే లేనప్పుడు, ఒక నోటుబుక్కులో ప్రార్థనలు రాసుకుంది. 2013లో అచ్చయ్యాయి. మంచి రచయిత్రిని చెయ్యమనే అందులోనూ గోల. జబ్బొచ్చాక కూడా ఆమె అర్జీ మారలేదు.

ఆమెని దేవతని చేసే ఉద్దేశం నాకు లేదు. పనివాళ్ళ ఇల్లెక్కడని అత్తయ్య అడిగింది. పల్నాడులో ఊరవతల పల్లెలో పుట్టిన మనిషి, ఎక్కడికెళ్ళినా ఆ ప్రశ్న అడుగుతుంది. పెద్దింటి వెనక చెక్కతో కట్టిన చిన్న ఇల్లు చూపించారు. కమతంలో పనిచేసిన నల్లజాతి కుటుంబం అందులో ఉండేది. నల్లవాళ్ళ గురించి ఓకానర్ ఉత్తరాల్లో రాసిన కొన్ని మాటలు చదవడానికే రోతగా ఉంటాయి. 2020లో మేరీల్యాండ్‌లోని లొయోలా యూనివర్సిటీ హాస్టలు భవనానికున్న ఆమె పేరు తీసేసింది. కథల్లో అహంకారుల నడ్డి విరిచిన మనిషి ఉత్తరాల్లో తన కులం మనిషిలాగే మాట్లాడింది. కష్టం అనుభవించినంత మాత్రాన అన్నీ అర్థమైపోవని అత్తయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఇంటి గడప దగ్గర ఆమె ఎక్కువసేపు నిలబడింది.

వెనక నెమళ్ళున్నాయి. ఓకానర్ 1952లో ఫ్లోరిడా నుంచి తెప్పించిన జతతో మొదలుపెట్టి నలభై దాకా పెంచిందట. పూలమొక్కలు తింటున్నాయని తల్లి గోల. అవి మన నీలం నెమళ్ళే. నెమలి మాంసం కుళ్ళదని పాతకాలం క్రైస్తవులు నమ్మేవారు, అగస్టీన్ కూడా రాశాడు. అందుకే అది పునరుత్థానానికి గుర్తయింది. అత్తయ్య ఆ వివరం విని, “కుళ్ళకపోవడమేంటి, కోసి చూడమను,” అని నవ్వింది.

1964 ఫిబ్రవరిలో ఓకానర్‌కి ఒక ఆపరేషను తప్పలేదు. దాంతో నిద్రపోతున్న లూపస్ లేచింది. ఆసుపత్రిలో రాయొద్దన్నారు, ఆమె కాగితాలు దిండు కింద దాచుకుని రాసింది. జూలైలో కేథలిక్కులు రోగులకిచ్చే అభ్యంగన సంస్కారం తీసుకుంది. చివరికి మూత్రపిండాలు ఆగాయి. ఇప్పటి మందులు అప్పుడుంటే అనుకోకుండా ఉండలేం. నేను రోజూ మింగే మైకోఫెనొలేట్ ఆమెకి అందలేదు.

ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. పాటలయ్యాక పాస్టరమ్మగారు ప్రార్థన మనవులు అడిగారు. నా వంతు వచ్చేసరికి ఎప్పటిలాగే ఒక సిస్టర్, “సంపూర్ణ స్వస్థత కోసం చేద్దామండీ,” అంటూ కళ్ళు మూసేసుకుంది.

“ఆగమ్మా,” అంది అత్తయ్య. “దాని కొత్త ఇంజెక్షన్‌కి ఇన్సూరెన్సు వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ముందు దానికోసం చెయ్యండి. రెండోది, క్రియాటినిన్ పెరగకుండా ఉండాలి. మూడోది, నా కొడుక్కి ఓపిక.”

పాస్టరమ్మగారు డైరీ తీసి మూడూ రాసుకున్నారు. క్రియాటినిన్ స్పెల్లింగు నన్నడిగారు.