కోయిల్‌సాగర్ గట్టున హంసల చుట్టాలు

హంసను కథలలోను, పెండ్లి చీర అంచులలోను చూచి ఎరుగుదుము గాని, మన నల్లగొండ, పాలమూరు చెరువులలో హంసలు కాపురముండవు. అవి చలిదేశపు పక్షులు. అయితే వాటి దగ్గరి చుట్టాలు చలికాలంలో మన వైపు వస్తాయి. వాటిని చూడాలని ఒక జనవరిలో మేము కొందరము దేవరకొండ నుండి బయలుదేరి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్‌కు వెళ్లాము. దారి పొడవునా రాతిగుట్టలు, సీతాఫలం పొదలు, కోతకొచ్చిన కందిచేలు.

పెద్దవాగు మీద నిజాం కాలంలో, 1945-48 మధ్య కట్టిన ప్రాజెక్టు ఇది. నీరు తగ్గిన అంచున బూడిదరంగు పక్షులు గుంపుగా నిలిచి ఉన్నాయి. తెల్లని తల, దాని మీద రెండు నల్లని పట్టీలు. బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు ఇదే. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలను లేపి, హిమాలయాలు దాటి వస్తుంది. 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్టు శాస్త్రజ్ఞులు వాటికి పరికరాలు కట్టి కనుగొన్నారు.

కొన్నింటి తలమీద పట్టీలు ఇంకా మసకగానే ఉన్నాయి. అవి ఆ యేటి పిల్లలు. పిల్లలు తలవంచి గడ్డి మేస్తుంటే, పక్కనే ఒక పెద్దది మేత మాని, మెడ యెత్తి నాలుగు దిక్కులా చూస్తున్నది.

హంస సంసారమూ ఇటువంటిదే. తల్లి ఐదారు వారాలు పొదుగుతుంటే తండ్రి కావలి కాస్తుంది. పుట్టిన ఒకటి రెండు రోజులకే పిల్లలు నీళ్లలోకి దిగుతాయి. తల్లిదండ్రులు వాటి నోట మేత పెట్టవు. అడుగునున్న నీటిమొక్కలను పైకి లాగుతాయి, పిల్లలే ఏరుకొని తింటాయి. కొన్ని హంసలు అలసిన పిల్లలను వీపున ఎక్కించుకొంటాయి. శత్రువు వస్తే రెక్కలు విప్పి ఎదిరిస్తాయి. మొదటి చలికాలమంతా వెంట ఉంచుకొని, మళ్లీ గూడు కట్టే కాలం రాగానే, ఎదిగిన పిల్లలను తరిమి తమ బ్రతుకు తమను బ్రతకమంటాయి.

గట్టు దిగుతుండగా మా మాటలు వలసల మీదికి మళ్లాయి. తట్ట, పార పట్టుకొని దేశమంతటా డ్యాములు, కాలువలు కట్టినవారు పాలమూరు కూలీలు. బొంబాయి, పుణె బాట పట్టిన తల్లిదండ్రులలో ఎందరో తమ పిల్లలను అవ్వకు అప్పగించి పోయారు. బాతుకు మేత దొరికిన చోటే బడి. మన బిడ్డకు అట్లా కాదు. వెంట తీసుకొనిపోతే చదువు పోతుంది, విడిచిపోతే తల్లి ఒడి పోతుంది. ప్రేమ తక్కువై ఎవరూ విడిచిపోరు.

ప్రియులారా, మీ ఊరిలోను, మీ సంఘంలోను ఇటువంటి పిల్లలుంటే సాయంత్రం ఒకసారి పిలవండి. అన్నం తిన్నావా, బడికి పోయినావా, అమ్మ ఫోను చేసిందా అని అడగండి. కన్నవారు తిరిగి వచ్చేదాకా ఆ పిల్లల కొరకు ఎవరో ఒకరు మెడ యెత్తి చూస్తుండాలి.