పొగ రాని కట్టె

'కట్టెల పొయ్యి వంట' అని బోర్డు కనిపిస్తే చాలు, మా బ్యాచ్ అంతా ఆ హోటల్‌కే పోదామంటుంది. బిర్యానీలో ఆ పొగ వాసన కావాలి మాకు. అదెలా వస్తుందా అని వెతికి చూశా. కట్టెలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వేడికి అది విరిగిపోయినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ లాంటివి పుడతాయి. పొగ రుచి చాలావరకు వాటిదే. అమెరికాలో అయితే మాంసానికి పొగబెట్టడానికి ఆపిల్, చెర్రీ కట్టెలు ప్రత్యేకంగా కొనుక్కుంటారు.

ఇది చెబితే అమ్మమ్మ నవ్వింది. "పొగకి డబ్బులిస్తారా నాన్నా? అది రాకుండా చూసుకోడానికే మేం చచ్చేవాళ్ళం."

అమ్మమ్మది నూజివీడు దగ్గర పల్లెటూరు. చుట్టూ మామిడి తోటలు. కాపు తగ్గిన చెట్టు కొట్టేస్తే ఇంటికి కట్టెలొచ్చేవి. కానీ మామిడి కట్టెని ఆవిడ వంటింట్లోకి రానిచ్చేది కాదు. దాని పొగకి కళ్ళు మండిపోతాయట. అది పెరట్లో వేణ్ణీళ్ళ కాగు కిందకే. వంటకి మాత్రం చింత కట్టె. బరువుగా ఉంటుంది, నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. కోపంతో ఎర్రబడ్డ కళ్ళని చింతనిప్పులని ఎందుకంటారో నాకప్పుడు అర్థమైంది.

ఏ కట్టైనా చీల్చి, వేసవంతా ఎండబెట్టి, వానలకి ముందే పాకలో పేర్చాలి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. మంట వేడి ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది, పొగ పెరుగుతుంది. అమ్మమ్మ ఏ క్లాసులోనూ వినని లెక్క ఇది.

1999లో దీపం పథకం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ ఇంటికీ గ్యాస్ వచ్చింది. అప్పటికే పాతికేళ్ళకి పైగా ఆవిడ పొయ్యి ముందు ఊదుగొట్టంతో కూర్చుంది. సిగరెట్ ముట్టని మనిషికి డాక్టర్ సీఓపీడీ అన్నారు. పొగలో రుచి ఒక్కటే ఉండదు. కార్బన్ మోనాక్సైడ్, ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్నటి కణాలు కూడా ఉంటాయి. కట్టెల గురించి అంత తెలిసినా, కిటికీ లేని వంటింట్లో ఆ తెలివి సగమే పనిచేసింది.

కట్టెల పొయ్యి వద్దని నేననను. పండక్కి మా మటన్ ఇప్పటికీ చింత కట్టె మీదే, కాకపోతే ఆరుబయట. పొయ్యి దగ్గర మేం కూర్చుంటాం. గాలి వచ్చే వైపు అమ్మమ్మకి కుర్చీ వేస్తాం. ఏ కట్టె ఎప్పుడు తోయాలో అక్కడి నుంచే చెబుతుంది.